తుమ్మలపెంట గోడ మీద బారోమీటర్: వాడి చూసి రాస్తున్నా

సముద్రం ఒడ్డున ఉండేవాళ్ళు ఇంట్లో బారోమీటర్ (గాలి ఒత్తిడి కొలిచే పరికరం) పెట్టుకుంటే ఉపయోగం ఉంటుందా అని నన్ను అడిగితే, ఉంటుందనే చెబుతాను. కాని డయల్ మీద అచ్చువేసిన మాటలు నమ్మి కొంటే మాత్రం డబ్బు దండగే. తొందరలో ఉన్నవాళ్ళకు ఈ రెండు ముక్కలు చాలు. మిగతావాళ్ళ కోసం కాస్త వివరంగా రాస్తున్నాను. ఈ వస్తువు వెనక ఒక బ్రిటిష్ నేవీ ఆఫీసరు జీవితం ఉంది. అతను ఏం చేశాడో, ఎందుకు చేశాడో తెలిస్తేనే దీన్ని సరిగ్గా వాడగలం అని నా నమ్మకం.

నేను కావలి మండలంలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. పుట్టిల్లు తుమ్మలపెంట దగ్గర పల్లెపాలెం. నాయన వేటకు పోయేవాడు, ఇప్పుడు అన్న పోతున్నాడు, ఫైబర్ బోటు ఉంది. ఈ బారోమీటర్‌ను అన్నావాళ్ళ వరండా కోసమే ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఇత్తడి చట్రం, ఆరంగుళాల డయల్, పైన గాజు. ధర మూడు వేలకు కాస్త అటూఇటూ. మొదట వచ్చిన దాని గాజు పగిలి ఉంది, ప్యాకింగ్ అంత అధ్వానం. ఫోటోలు పంపితే మార్చి ఇచ్చారు గానీ, దానికి వాళ్ళతో పోట్లాడాల్సి వచ్చింది.

లోపల పాదరసం లేదు. దీన్ని అనెరాయిడ్ రకం అంటారు. గాలి తీసేసిన పల్చటి లోహపు డబ్బీ ఒకటి లోపల ఉంటుంది. బయట గాలి ఒత్తిడి పెరిగితే ఆ డబ్బీ కాస్త నొక్కుకుంటుంది, తగ్గితే ఉబ్బుతుంది. ఆ వెంట్రుకవాసి కదలికను చిన్న చిన్న మీటలు పెద్దది చేసి ముల్లును తిప్పుతాయి. ఒత్తిడి గబగబా తగ్గుతోందంటే గాలివాన దగ్గరికి వస్తోందని గుర్తు. కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు. తుఫాను రోజున మా పాలెంలో ముందు పోయేది కరెంటు, ఆ వెనకే ఫోను టవరు. అప్పుడు కూడా ఇది పని చేస్తూనే ఉంటుంది. నేను కొనడానికి మొదటి కారణం అదే.

ఇక డయల్ సంగతి. ఎడమ నుంచి కుడికి 'స్టార్మీ' (తుఫాను), 'రెయిన్' (వాన), 'చేంజ్' (మార్పు), 'ఫెయిర్' (తెరిపి), 'వెరీ డ్రై' (బాగా పొడి) అని ఉంటాయి. ఈ మాటలు ఇంగ్లండ్ వాతావరణానికి రాసినవి. అక్కడ మామూలు చలికాలంలోనే ఒత్తిడి 970 మిల్లీబార్ల (గాలి ఒత్తిడిని లెక్కగట్టే కొలత) దాకా పడిపోయి మళ్ళీ 1040 దాకా లేస్తుంది. మనకలా ఉండదు. మే నెలలో ఎండ నిప్పులు కురిపించే రోజుల్లో కావలిలో ముల్లు 1003 దగ్గర, అంటే 'చేంజ్' దగ్గర నిలబడి ఉంటుంది. అక్టోబరు, నవంబరుల్లో కుండపోత కురుస్తున్నా అది 'ఫెయిర్'కి ఎంతో దూరంలో ఉండదు. ఆన్‌లైన్‌లో ఒక స్టార్ ఇచ్చి 'పనిచేయడం లేదు' అని తిట్టినవాళ్ళలో చాలామంది ఈ మాటలు చదివే తిట్టారని చూస్తేనే తెలుస్తోంది. వస్తువు బాగానే పనిచేస్తోంది. మాటలే మన ఊరివి కావు.

ఇంకో సంగతి కూడా కొన్నవాళ్ళకు ఎవరూ చెప్పరు. మన అక్షాంశాల్లో గాలి ఒత్తిడి రోజుకు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. పొద్దున పది ప్రాంతంలో, రాత్రి పది ప్రాంతంలో ఎక్కువ. తెల్లవారుజామున నాలుగుకు, సాయంత్రం నాలుగుకు తక్కువ. తేడా మూడు మిల్లీబార్లు, ఒక్కోసారి నాలుగు. తుఫాను ఉన్నా లేకపోయినా రోజూ జరిగేదే ఇది. తెలియనివాళ్ళు మధ్యాహ్నం ముల్లు దిగడం చూసి టెన్షన్ పడతారు. అందుకే ఎప్పుడు చూసినా ఒకే వేళకు చూడాలి. నిన్న పదింటికి ఎంత, ఇవాళ పదింటికి ఎంత అన్నదే లెక్క. మా వదిన పొద్దున పదికి, రాత్రి పదికి చూసి పిల్లల పాత నోట్‌బుక్కులో రాసి పెడుతుంది. బడిలో నేను రికార్డు రాయించే పిల్లలకన్నా శ్రద్ధగా రాస్తుంది.

డయల్ మీది మాటల్ని నమ్మొద్దు, ముల్లు ఎటు కదులుతోందో, ఎంత వేగంగా కదులుతోందో చూడండి అని నూట అరవై ఏళ్ళ కిందటే చెప్పినవాడు రాబర్ట్ ఫిట్జ్‌రాయ్. ఈ బారోమీటర్ పెట్టెలో ఒక మడత కాగితం పెట్టారు. అందులో అతని గురించి మూడు వాక్యాలున్నాయి. డార్విన్‌ను బీగిల్ ఓడలో తీసుకెళ్ళిన కెప్టెన్ అని, గవర్నరుగా చేశాడని, బారోమీటర్లంటే ఇష్టమని. చదివితే మనసు చివుక్కుమంది. ఈ వస్తువును బెస్తవాళ్ళ గోడ మీదికి తెచ్చిన మనిషి గురించి చెప్పాల్సింది అదేనా?

అతను 1805లో పెద్ద జమీందారీ వంశంలో పుట్టాడు, డ్యూక్ ఆఫ్ గ్రాఫ్టన్‌కు మనవడు. పన్నెండేళ్ళకే పోర్ట్స్‌మత్‌లోని నేవల్ కాలేజీలో చేరాడు. 1824లో లెఫ్టినెంట్ పరీక్షలో పూర్తి మార్కులు తెచ్చుకున్నాడు. అంతకుముందు ఆ పరీక్షలో ఎవరికీ అన్ని మార్కులు రాలేదు. 1828లో దక్షిణ అమెరికా కొసన సర్వే చేస్తున్న బీగిల్ ఓడ కెప్టెన్ ప్రింగిల్ స్టోక్స్ ఆ చలికి, ఒంటరితనానికి తట్టుకోలేక తనను తాను కాల్చుకొని చనిపోతే, ఆ ఓడను ఇరవై మూడేళ్ళ ఫిట్జ్‌రాయ్ చేతికి అప్పగించారు.

ఓడ చేతికొచ్చి నెలన్నర అయిందో లేదో, 1829 జనవరి 30న ఇప్పటి ఉరుగ్వే తీరంలో మాల్డొనాడో దగ్గర పాంపెరో అనే గాలి విరుచుకుపడింది. అర్జెంటీనా మైదానాల మీంచి చెప్పాపెట్టకుండా వచ్చే ఈదురుగాలి అది. చెప్పాపెట్టకుండా అన్నాను గానీ బారోమీటర్ ముందే దిగింది, ఆకాశంలోనూ గుర్తులు కనబడ్డాయి. తెరచాపలు దించేలోపే గాలి మీద పడింది. పైన కొయ్యల మీద పనిచేస్తున్న ఇద్దరు నావికులు సముద్రంలో పడి కొట్టుకుపోయారు. ఓడ బోర్లా పడబోయి ఎలాగో నిలబడింది. ఆ ఇద్దరి చావుకూ బాధ్యత తనదేనని ఫిట్జ్‌రాయ్ అనుకున్నాడు. ఆ తర్వాత ముప్ఫై ఆరేళ్ళ పాటు అతను చేసిన పనులన్నీ చూస్తే, నాకు అన్నింటికీ మొదలు అక్కడే కనిపిస్తుంది.

డార్విన్‌తో చేసిన ప్రయాణం గురించి ఎక్కువ రాయను, అది అందరికీ తెలిసిందే. 1831 డిసెంబరు 27న బయల్దేరి 1836 అక్టోబరులో తిరిగొచ్చారు. కాలం కచ్చితంగా కొలవడానికి ఓడలో 22 క్రోనోమీటర్లు పెట్టుకున్నారు. గాలి బలాన్ని సున్నా నుంచి పన్నెండు వరకు అంకెల్లో చెప్పే బ్యూఫోర్ట్ పద్ధతిని అధికారికంగా మొదట వాడింది ఆ ప్రయాణంలోనే. పని త్వరగా, బాగా జరగాలని ఇంకో ఓడను సొంత డబ్బుతో కొంటే, నేవీ పెద్దలు ఆ డబ్బు అతనికి తిరిగి ఇచ్చేది లేదన్నారు. దాన్ని అమ్మేసుకోవాల్సి వచ్చింది. మనిషి కుంగిపోయి కెప్టెన్ పదవి వదిలేస్తానన్నంత పని చేశాడు. తోటివాళ్ళు బతిమాలి నిలబెట్టారు. అప్పుడు గీసిన తీరపు మ్యాపులను ఓడలవాళ్ళు ఎన్నో దశాబ్దాలు నమ్ముకున్నారు.

విక్టోరియా రాణి గద్దెనెక్కిన 1837లోనే అతనికి రాయల్ జియొగ్రాఫికల్ సొసైటీ బంగారు పతకం వచ్చింది. అక్కణ్ణుంచి ఉద్యోగం పైపైకి పోవాలి గదా, పోలేదు. 1841లో డర్హమ్ నుంచి పార్లమెంటు సభ్యుడయ్యాడు. 1843లో న్యూజిలాండ్ గవర్నరుగా వెళ్ళాడు. అతను చేరేసరికే అక్కడి వైరౌ అనే చోట మూలవాసులైన మావోరీలకూ వలస వచ్చినవాళ్ళకూ ఘర్షణ జరిగి ప్రాణాలు పోయి ఉన్నాయి. విచారించి తప్పు వలస వచ్చినవాళ్ళదే అని తేల్చాడు. తెల్లవాళ్ళ గవర్నరు తెల్లవాళ్ళదే తప్పంటే ఊరుకుంటారా? 1845లో వెనక్కి పిలిపించేశారు. 1849లో ఆవిరితో నడిచే యారొగెంట్ అనే యుద్ధనౌకకు కెప్టెన్ అయ్యాడు గానీ ఆరోగ్యం బాగాలేక మరుసటి ఏడే వదిలేశాడు. మళ్ళీ ఎప్పుడూ ఓడ ఎక్కి పెత్తనం చేయలేదు. 1857లో రియర్ అడ్మిరల్, 1863లో వైస్ అడ్మిరల్ అయ్యాడు, అదంతా సీనియారిటీ లెక్కన ఆఫీసు కుర్చీలో కూర్చుని ఉండగా వచ్చిందే. ఇంకో దెబ్బ కూడా తగిలింది. 1857లో బ్రిటన్ ప్రభుత్వ వాణిజ్య శాఖ అయిన బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌లో తాను కోరుకున్న పెద్ద పదవిని, బీగిల్‌లో ఒకప్పుడు తన కింద పనిచేసిన సలివన్‌కు ఇచ్చారు.

నేవీ చరిత్ర రాసేవాళ్ళు ఇక్కడితో ఆపేసి, గొప్పగా మొదలై మామూలుగా ముగిసిన ఉద్యోగం అంటారేమో. నా లెక్కలో అసలు ఉద్యోగం మొదలైంది 1854లో.

ఆ ఏడు బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌లో వాతావరణ లెక్కల విభాగం ఒకటి పెట్టి ఫిట్జ్‌రాయ్‌ను దానికి అధికారిని చేశారు. కింద ముగ్గురు మనుషులు. ఓడల కెప్టెన్లు రాసుకొచ్చిన గాలి, ఒత్తిడి వివరాలు పోగుచేసి పట్టికలు తయారు చేయడం వరకే అతని పని. ముందు ఏం జరగబోతోందో చెప్పమని అతన్ని ఎవరూ అడగలేదు.

1859 అక్టోబరు 25 రాత్రి, ఆస్ట్రేలియా నుంచి బంగారు గనుల కూలీలతో, వాళ్ళ కుటుంబాలతో, వాళ్ళు సంపాదించుకున్న బంగారంతో లివర్‌పూల్ వస్తున్న రాయల్ చార్టర్ అనే ఓడ, ఇల్లు ఇక దగ్గరే అనగా వేల్స్ దగ్గరి ఆంగ్లసీ తీరంలో తుఫానుకు చిక్కింది. తెల్లవారేసరికి రాళ్ళ మీద ముక్కలైంది. దాదాపు 450 మంది పోయారు. బతికినవాళ్ళు నలభై మంది దాకా, వాళ్ళలో ఒక్క ఆడమనిషి లేదు, ఒక్క బిడ్డ లేదు. ఆ ఒక్క తుఫానులోనే 133 ఓడలు మునిగాయి, 800 మంది దాకా చనిపోయారు. ఫిట్జ్‌రాయ్ చుట్టుపక్కల తీరాల నుంచి వచ్చిన లెక్కలన్నీ వరుసగా పేర్చి, ఆ తుఫాను ఏ గంటకు ఎక్కడుందో మ్యాపు మీద చూపించాడు. దారి కనిపించింది. తుఫాను కన్నా టెలిగ్రాఫ్ తీగ మీద వార్త ముందు పోతుంది, కాబట్టి ఒక రేవులో గాలి మొదలైతే తర్వాతి రేవుకు ముందే చెప్పవచ్చు అన్నాడు. ఇప్పుడు మనకు మామూలుగా అనిపించే మాట. అప్పుడది కొత్త.

పదిహేను చోట్ల నుంచి రోజూ టెలిగ్రాం మీద ఒత్తిడి, గాలి వివరాలు తెప్పించుకునే ఏర్పాటు చేశాడు. 1861 ఫిబ్రవరిలో మొదటి తుఫాను హెచ్చరిక వెళ్ళింది. రేవుల్లో కొయ్య మీదికి నల్లటి శంకువులు, డ్రమ్ములు ఎగరేసేవారు. శంకువు మొన పైకి ఉంటే ఉత్తరపు గాలి, కిందికి ఉంటే దక్షిణపు గాలి. డ్రమ్ము కూడా తోడైతే గాలి ప్రమాదకరంగా ఉండబోతోందని. చదువురానివాళ్ళు కూడా దూరం నుంచి చూసి తెలుసుకోవచ్చు. ఆ ఏడు ఆగస్టు 1న లండన్ టైమ్స్ పత్రికలో రేపటి వాతావరణం గురించి అతను రాసిచ్చిన నాలుగు మాటలు అచ్చయ్యాయి.

మన కృష్ణపట్నంలో 'మూడో నంబరు ప్రమాద హెచ్చరిక' అని టీవీలో వింటాం గదా. మన రేవుల్లో పగటిపూట ఎగరేసే గుర్తులు ఇప్పటికీ శంకువులు, డ్రమ్ముల ఆకారాలే. రాత్రయితే ఎరుపు, తెలుపు దీపాలు.

ఇవన్నీ పెద్ద రేవుల సంగతి. నాకు అన్నింటికన్నా గొప్పగా తోచేది ఇంకొకటి. టెలిగ్రాఫ్ తీగ లేని చిన్న చిన్న బెస్త పల్లెలకు, కొనుక్కునే శక్తి లేని చోట్లకు, ప్రభుత్వం తరఫున బారోమీటర్లు పంపించాడు. గట్టి ఓక్ కొయ్య చట్రం, దూరం నుంచి కనబడే పెద్ద అంకెలు, పక్కన తేలిక మాటల్లో సూచనలు. అందరూ నడిచే దారిలో, బయటి గోడకు బిగించాలని నియమం. పడవ దించేముందు ఎవరైనా ఆగి చూసుకోవచ్చు. స్కాట్లాండ్, ఇంగ్లండ్ తీరపు ఊళ్ళలో కొన్ని ఇప్పటికీ గోడల మీద ఉన్నాయి. వైస్ అడ్మిరల్ స్థాయి మనిషి, డ్యూక్ మనవడు, బెస్తవాళ్ళకు అర్థమయ్యేలా ఏ మాట వాడాలా అని కూర్చుని ఆలోచించాడంటే ఆయన మీద నాకు ఎంత గౌరవమో చెప్పలేను. నేను మా బారోమీటర్‌ను ఇంటి లోపల కాకుండా వీధి వరండాలో పెట్టించింది ఆ నియమం చదివే.

అన్న మొదట చూసి "ఏందిమే ఇది, గడియారమా?" అన్నాడు. పాలెంలో పెద్దవాళ్ళు కూడా వచ్చి చూసిపోయారు. వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: ఇది చెప్పింది తప్పయితే?

ఫిట్జ్‌రాయ్‌ను చంపింది ఆ ప్రశ్నే అని నేను అనుకుంటాను. హెచ్చరిక ఇస్తే, గాలి రాకపోతే, పడవల యజమానులు ఊరుకోలేదు. ఒక రోజు వేట పోయిందంటే వాళ్ళకు నష్టం. కూలికి పోయే బెస్తవాళ్ళ ప్రాణం వాళ్ళ లెక్కలో తర్వాతి సంగతి. పత్రికలు వెక్కిరించాయి. సైంటిస్టులు, ముఖ్యంగా ఫ్రాన్సిస్ గాల్టన్ లాంటివాళ్ళు, ఇందులో సిద్ధాంతం ఎక్కడుంది అన్నారు. వాళ్ళ మాటలో కొంత నిజముంది, అప్పటికి ఉన్న లెక్కలు చాలా తక్కువ. కాని లెక్కలన్నీ తేలేదాకా ఆగితే ఈలోపు పోయే ప్రాణాల మాటేమిటన్నది ఆయన బాధ. పగలూ రాత్రీ పనిచేశాడు, వినికిడి తగ్గింది, నిద్ర పోయింది. 1865 ఏప్రిల్ 30 ఆదివారం పొద్దున తన గదిలో కత్తితో గొంతు కోసుకొని చనిపోయాడు. ఆస్తి అంతా ఉద్యోగానికే, జనం పనికే పెట్టేశాడు. ఇంటివాళ్ళకు మిగిలినవి అప్పులు. స్నేహితులు చందాలు వేస్తే డార్విన్ వంద పౌన్లు ఇచ్చాడు.

ఆయన పోయాక ఒక కమిటీ కూర్చుని 1866లో హెచ్చరికలు ఆపేసింది. సముద్రం మీద బతికేవాళ్ళు గోలపెట్టారు, మాకు కావాలన్నారు. 1867లో మళ్ళీ మొదలుపెట్టారు. ఆయన తప్పో ఒప్పో తేల్చడానికి అర్హత ఎవరికి ఉందంటే, గాల్టన్ కన్నా ఆ బెస్తవాళ్ళకే ఉందని నేనంటాను.

ఆయన బతికి ఉండగానే, 1864 నవంబరు 1న మన మచిలీపట్నం మీద ఉప్పెన విరుచుకుపడింది. పోయినవాళ్ళు ముప్ఫై వేలమంది అని అంచనా. ఇంగ్లండ్ రేవుల్లో మూడేళ్ళ నుంచి శంకువులు ఎగురుతున్నాయి, మన తీరంలో చెప్పే దిక్కు లేదు. అదే ఏడు అక్టోబరులో కలకత్తా కూడా తుఫానుకు నాశనమైంది. భారత వాతావరణ శాఖ పుట్టింది 1875లో. మన తీరపు పిల్లలకు 1864, 1875 అన్న ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చెప్పాలి.

మా ఊళ్ళో తుఫానంటే 1989. థాయిలాండ్ దగ్గర పుట్టి అక్కడి నేలను దాటి, బంగాళాఖాతమంతా దాటుకొని వచ్చిన గే తుఫాను నవంబరు 8 రాత్రి మా కావలి దగ్గరే తీరం దాటింది. నాయన ఇప్పటికీ దాన్ని కావలి తుఫాను అనే అంటాడు. రేడియోలో చెప్పారు కాబట్టి పడవలు ముందురోజే పైకి లాగి పెట్టారు. లేకపోతే మా ఇంట్లో ఎవరం మిగిలేవాళ్ళం కాదు అంటాడు.

ఇప్పుడు ఈ వస్తువు నిజంగా పనిచేసిన రోజు సంగతి. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను మన తీరం పక్కనే మెల్లగా నడిచి, 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది గదా. వాతావరణ శాఖ రోజుల ముందే చెప్పింది, వేటకు పోవద్దని దండోరా వేశారు, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. 3వ తేదీన పొద్దున పదింటికి ముల్లు పైకి లేవాలి. లేవలేదు. రాత్రి పదికి కూడా లేవలేదు. రోజూ వచ్చే ఆ ఎగుడుదిగుళ్ళు మాయమైపోయి కిందికే దిగుతూ పోయింది. 4న దిగే వేగం పెరిగింది, తర్వాత వెయ్యి కన్నా కిందికి పోయింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు. వదిన టార్చి లైటు వేసి గంటగంటకూ చూసి రాసింది. పక్కింటివాళ్ళు వచ్చి ఎంతుందమ్మా అని అడిగి పోయేవాళ్ళు. 5న ఒక వేళ ముల్లు ఆగింది, ఆ తర్వాత పైకి తిరిగింది. తుఫాను దాటుతోందని మాకు తెలిసింది అప్పుడే. గాలి అప్పటికీ తగ్గలేదు. ముల్లు లేవగానే బయటికి పోవద్దు, అడుగంటి లేచేటప్పుడు గాలి ఇంకా బలంగా వీస్తుందని ఫిట్జ్‌రాయ్ సూచనల్లో ఉంది. నేను ముందే చెప్పి ఉన్నాను కాబట్టి అన్న పడవ చూసుకోవడానికి పోబోతుంటే వదిన ఆపింది. "ముల్లు ఇప్పుడే తిరిగిండాది, ఇంకాసేపు పోబాక" అంది.

ఆ తర్వాత కూడా రెండు మూడు అల్పపీడనాలకు చూశాం. ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. హెచ్చరిక వచ్చిన రోజు ఎండ కాస్తూ ఉంటుంది. డీజిల్ పోయించి, ఐస్ కొని పెట్టుకున్నవాళ్ళు "ఎండ మాడిపోతా ఉండాది, యాడుండాది తుఫాను?" అని వాదిస్తారు. ముల్లు కదల్లేదు గదా, పోదాం అని దీన్ని సాక్ష్యం తెచ్చుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. బారోమీటర్‌కు తెలిసేది తన చుట్టూ ఉన్న గాలి ఒక్కటే. ఐదారు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న వాయుగుండం దానికి కనబడదు, అది ఉపగ్రహానికి కనబడుతుంది. వాతావరణ శాఖ వద్దన్నాక ముల్లు ఎక్కడున్నా పడవ దించకూడదు. హెచ్చరిక ఏమీ లేకపోయినా ముల్లు గబగబా దిగుతుంటే అప్పుడూ దించకూడదు. మా ఇంట్లో నియమం అదే. అన్న దానికి ఒప్పుకున్నాడు, ఒక రోజు వేట పోయినా ఊరుకుంటున్నాడు. ఫిట్జ్‌రాయ్ కాలంలో ఎంతమంది యజమానులు ఒప్పుకోనిదానికి నా అన్న ఒప్పుకున్నాడని నాకు గర్వం.

లోపాలు రాయాలి. ఇత్తడి అన్నారు గానీ పైపూత పల్చన, ఉప్పుగాలికి ఆరు నెలల్లో చట్రం అంచులు ఆకుపచ్చగా మారాయి. వెనక స్క్రూ బిగుతుగా ఉంది, మొదటిసారి సరిచేసేటప్పుడు జాగ్రత్త. కావలి, నెల్లూరు, ఒంగోలు వాతావరణ కేంద్రాల లెక్కల్లో సముద్రమట్టానికి సరిచేసిన ఒత్తిడి ఎంతుందో చూసి, గాలి నిలకడగా ఉన్న రోజున ముల్లును ఆ అంకెకు తిప్పుకోవాలి. ఇది చేయకుండా గోడకు తగిలిస్తే ఇంటి అలంకరణే. ఎనిమిది మీటర్ల ఎత్తుకు దాదాపు ఒక మిల్లీబారు తగ్గుతుంది, కాబట్టి ఒకసారి సరిచేశాక మేడ మీదికీ కిందికీ మార్చకండి. చూసేముందు గాజు మీద వేలితో మెల్లగా తట్టాలి, లోపల మీటలు ఎక్కడైనా పట్టుకుని ఉంటే విడిపోతాయి. ఎండ తగిలే గోడ, వంటగది గోడ వద్దు. కాగితంలో ఉన్న సూచనలు ఇంగ్లీషులో మాత్రమే ఉన్నాయి. మా వదిన కోసం నేను తెలుగులో రాసి పక్కన అంటించాను. తయారుచేసేవాళ్ళు ఆ పని చేస్తే మన తీరంలో ఎంత అమ్ముడుపోతుందో వాళ్ళకు తెలియడం లేదు.

ఇదే ఫిట్జ్‌రాయ్ పేరు చెప్పి 'స్టార్మ్ గ్లాస్' అని ఇంకొకటి అమ్ముతున్నారు. మూసేసిన గాజు గొట్టంలో కర్పూరం, సురేకారం, నవాసారం కలిపిన ద్రవం, అందులో తెల్లటి స్ఫటికాలు. తుఫానుకు ముందు స్ఫటికాలు పెరుగుతాయంటారు. ఫిట్జ్‌రాయ్ దాన్ని పరిశీలించిన మాట నిజమే. గాజు పూర్తిగా మూసి ఉంటే బయటి ఒత్తిడి లోపలికి ఎలా తెలుస్తుంది? స్ఫటికాలు కదిలేది వేడికీ చలికీ. బల్ల మీద అందంగా ఉంటుంది. ప్రాణాలకు సంబంధించిన విషయంలో దాన్ని దగ్గరికి రానీయకండి.

ఫోన్లలో కొన్నింటికి ఒత్తిడి కొలిచే సెన్సర్ ఉంటుంది, అది కూడా బాగానే చెబుతుంది. కాని ఫోను జేబులో ఉంటుంది, ఒక్కరే చూస్తారు. గోడ మీదిది పాలెమంతా చూస్తుంది.

కొనేవాళ్ళు ఒకటి గమనించండి. చేత్తో తిప్పే రెండో ముల్లు, ఇత్తడిది, గాజు మధ్యలో గుండీతో ఉంటుంది. నిన్నటి రీడింగ్ దగ్గర దాన్ని పెట్టి వదిలేస్తే ఇవాళ ఎంత దిగిందో, ఎంత లేచిందో చదువురానివాళ్ళకు కూడా ఒక్క చూపులో తెలుస్తుంది. కొన్ని చవకరకాల్లో అది ఉండదు. ఐదు వందలు తక్కువకు వస్తోందని అలాంటిది తీసుకోకండి. మిల్లీబార్లు, అంగుళాలు రెండూ ఉన్న డయల్ తీసుకోండి, మన వాతావరణ శాఖ చెప్పే అంకెతో పోల్చుకోవడానికి మిల్లీబార్లు కావాలి. ఐదుకు నాలుగు ఇస్తున్నాను, ఒకటి తగ్గించింది ఆ పైపూతకూ, తెలుగులో ఒక్క ముక్క కూడా లేని ఆ కాగితానికీ.